సుగుణమ్మ పెండ్లి ప్రకటన

కరోనా తగ్గాక వచ్చిన జూన్ బదిలీల్లో నన్ను కోయిలకుంట్ల దగ్గర ఒక పల్లె చర్చి సంఘానికి గురువుగా వేశారు. ఉద్యోగంలో అదే నా చివరి చోటు. మా వైపు పాస్టరును అయ్యగారంటారు. ఆరాధన జరపడమే కాదు, పెండ్లి కుదిరినవాళ్ల మంచిచెడ్డలు విచారించడం కూడా ఆయన పనే. పెండ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో వధూవరుల పేర్లు చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండని అడగాలి. దీన్ని ప్రకటన అంటాం. వరుడు బయటివాడైతే అతని సంఘం గురువు నుంచి కబురు తెప్పించుకోవాలి.

సుగుణమ్మ అంగన్‌వాడీలో ఆయా. యాభై దాటింది, భర్త పోయాడు, పిల్లల్లేరు. ఆమె ఇంట్లో పెద్ద టీవీ ఉండేది కాబట్టి సాయంత్రమైతే స్త్రీల సమాజమంతా అక్కడే. అప్పట్లో ఒక సీరియల్ వచ్చేది. ఒంటరిగా ఉండే లెక్చరరమ్మను తియ్యటి మాటలతో లొంగదీసుకుని, అయినవాళ్లందరికీ దూరం చేసే మగవాడి కథ. "వీని నోట్లో మన్నుబడ!" అని మావాళ్లు టీవీనే తిట్టేవాళ్లు. అందరికన్నా గట్టిగా తిట్టేవాడు దానియేలు. ఎర్రగుంట్లలో సిమెంటు లారీలు తోలేవాడినని చెప్పుకుంటూ మా ఊరు చేరాడు. పాటలు బాగా పాడేవాడు. తిట్టిన ఆ నోటితోనే సుగుణమ్మతో, "వీళ్లంతా టీవీ కోసరం వస్తాండారు గాని నీకోసరం కాదు" అనేవాడట.

కొన్నాళ్లకు సుగుణమ్మకూ దానియేలుకూ పెండ్లి కుదిరింది. వాళ్ల మొదటి ప్రకటన చదివాను. ఎవరూ లేవలేదు. పైగా ఆడవాళ్లు మురిసిపోయారు. రెండో ఆదివారం రాకముందే ఎర్రగుంట్ల గురువు ఫోన్ చేశారు. దానియేలు భార్య బతికే ఉంది, విడాకులు కాలేదు. ప్రొద్దుటూరు వైపు భర్త లేని ఇంకొకామెను ఇలాగే నమ్మించి, ఇల్లు అమ్మించి వదిలేశాడు.

ప్రకటన ఆపితే కారణం సంఘం ముందు చెప్పాలి. నలుగురిలో వినేకంటే ముందు మా నోటే వింటే మేలని నేనూ నా భార్యా ఆమె ఇంటికి వెళ్లాం. అంతా విని సుగుణమ్మ నిమ్మళంగా పొయ్యి మీది టీ దించింది.

"తెల్సయ్యా. ఆయప్ప పెండ్లాం నాకే ఫోన్ చేసింది. సీరియల్ అయిపోతానే వీళ్లంతా చెప్పులేసుకొని పోతారు. తింటివా అని అడిగేది ఆయప్పొక్కడే. నాటకమేలే. ఐనా అడుగుతాండాడు గదా."

"మేం లేమా సుగుణా?" అంది నా భార్య.

"ఉండారులేమ్మా, అయ్యగారు రిటైరయ్యేదాంక."

ఆదివారం ప్రకటన ఆపి, కారణం చెప్పాను. ఆ వారంలోనే ఆమె ఇంటికి తాళం వేసి అతనితో వెళ్లిపోయింది. ఏడాది తిరక్కముందే ఇల్లు చేతులు మారింది. ఆ తర్వాత ఆమె ఫోన్ కలవలేదు. సీరియల్లో మాత్రం ఆ దుర్మార్గుడు జైలుకు పోయాడు. మావాళ్లు అది వేరే ఇంట్లో కూర్చుని చూసి, తగిన శాస్తి జరిగిందన్నారు. నాకు ఒళ్లు మండింది. సుగుణమ్మను తలచుకుంటే ఇప్పటికీ బాధే.

మోసమని తెలియకనే మనుషులు మోసపోతారని అనుకునేవాణ్ని. సుగుణమ్మ తెలిసే పోయింది. వాడు మంచివాడు కాదని చెప్పడం గురువుకు తేలిక. వాణ్ని వదిలేస్తే రేపటి నుంచి టీవీ కోసం కాక నాకోసం ఎవరొస్తారని ఆమె అడిగి ఉంటే, నా సంఘంలో ఒక్కరి పేరు కూడా చెప్పగలిగేవాణ్ని కాదు.