లేని ప్రాణం

1967 డిసెంబరు. ఈ ఉదయం మా మెదక్ పశువుల దవాఖానకు కురుమ మల్లమ్మ గొర్రెను తోలుకొచ్చింది. అది ఒకటే గోడకు ఒళ్లు రుద్దుకుంటోంది. చూస్తే గజ్జి. మందు రాస్తూ, ఇంగ్లాండులో గొర్రెలు ఇలాగే రుద్దుకుని మెదడు పాడై చస్తున్నాయనీ, ఆ మెదడును ఉడకబెట్టినా రోగం చావడం లేదనీ, దాన్నెలా చంపాలో ఎవరికీ తెలియదనీ చెప్పాను.

"ఉడకబెట్టినా సస్తలేదంటే దానికి పానమే లేదేమో సారూ. లేని పానం ఎట్ల దీస్తరు?" అంది మల్లమ్మ.

ఆ రోగానికి మూలం క్రిమి కాదు, ప్రాణం లేని ఒట్టి మాంసకృత్తేమోనన్న వ్యాసాన్ని పోయిన నెల పిచ్చిరాతలని నేనే అటకెక్కించాను. సాయంత్రం నిచ్చెన వేసి దింపాను. అర్థమయ్యేదాకా వదలను. వచ్చే వారం మందుకు మల్లమ్మ మళ్లీ వస్తుంది. అప్పటికీ ఆమె కంటే వెనకబడే ఉంటే బాగుంటుందా, మీరే చెప్పండి.