తాళంచెవి అడిగిన పెద్దాయన

తాళం పడినప్పుడు వచ్చే 'టక్' మన్న చప్పుడు వింటే ఇప్పటికీ నా అరచేతులు చెమరుస్తాయి. ఈ ఉదయం ఇర్వింగ్‌లో ఒక ఆఫీసు భవనంలో పని మొదలుపెడుతూ బ్రేకర్ ఆపి, ఎవరూ మళ్ళీ కరెంటు ఇవ్వకుండా దానికి నా తాళం వేసి, చెవి జేబులో పెట్టుకున్నాను. ఇన్నేళ్ళు కరెంటు పని చేశాక భయం పోయి ఉంటుందిలే అనుకుంటారు తెలిసినవాళ్ళు. పోలేదు. పోకుండా చేసిన మనిషి రాఘవయ్య గారు.

డిప్లొమా చదివి, పెళ్ళయ్యాక టెక్సస్ వచ్చి, రాఘవయ్య గారి చిన్న ఎలక్ట్రికల్ కంపెనీలో చేరాను. రెండువేల తొమ్మిది ప్రాంతంలో నాకు లైసెన్సు వచ్చింది. ఇక్కడ లైసెన్సు రావడంతో అయిపోదు, దాన్ని నిలుపుకోవాలంటే ఏటా నాలుగు గంటల క్లాసులో కూర్చోవాలి. చాలామందికి అది కాఫీ తాగుతూ కునికిపాట్లు పడే క్లాసు. రాఘవయ్య గారు చెప్పే క్లాసులో మాత్రం ఎవరికీ కునుకు పట్టేది కాదు. మొదటి ఏడు నన్ను ముందుకు పిలిచి, బల్ల మీద పెట్టిన ఉత్తుత్తి ప్యానెల్‌కి తాళం వేయించారు. "నువ్వు సీలింగ్‌లో వైర్ పట్టుకుని ఉన్నావనుకో" అన్నారు. తర్వాత దగ్గరికొచ్చి, కన్నకూతుర్ని అడిగినట్టు, "ఆ కీ ఇటివ్వమ్మా, నేను చూసుకుంటాగా" అని చెయ్యి చాపారు. పెద్దాయన, పైగా జీతమిచ్చే మనిషి. ఇచ్చేశాను. ఆయన గుప్పిట మూసి, "నువ్వు పోయావమ్మా" అన్నారు. "మీ ఆయనకి ఫోన్ నేనే చెయ్యాలి. ఏం చెప్పమంటావు?"

విరామంలో నన్ను పక్కకు పిలిచి చొక్కా చెయ్యి పైకి మడిచారు. మోచేతి నుంచి మణికట్టు దాకా కాలిన చర్మం ముడతలు పడి ఉంది. ఏలూరు దగ్గర సబ్‌స్టేషన్‌లో పనిచేసే రోజుల్లో ఆయన స్తంభం మీద ఉండగా లైనుకి కరెంటు ఇచ్చారట. స్విచ్ దగ్గర ఉన్నది సొంత బావ. "బావకి నేనంటే ప్రాణం. పెద్దాఫీసరొచ్చి భుజం మీద చెయ్యేసి, అందరూ దిగారు ఇచ్చెయ్యవయ్యా అన్నాడు. ఇచ్చేశాడు. కోప్పడేవాణ్ణి మనవాళ్ళు కాదనగలరు. బుజ్జగించేవాణ్ణి కాదనలేరు. నీ తాళం నువ్వే తియ్యాలి. నేనడిగినా సరే." ఆ తర్వాత ప్రతి క్లాసులోనూ ఆయన అడిగేవారు, నేను ఇవ్వనని చెప్పేదాన్ని. అది ఉత్తుత్తిదని తెలిసినా ఆయనకు కాదని చెప్పేటప్పుడు తల దించుకునేదాన్ని.

ఒక జూలైలో ప్లేనోలో, ఒక తెలుగాయన ఫంక్షన్ హాల్లో, రాఘవయ్య గారూ నేనూ సీలింగ్‌లో కొత్త వైరు లాగుతున్నాం. పవర్ మొత్తం ఆపి నా తాళం వేశాను. మాతోపాటు కార్లోస్ అనే ఎలక్ట్రీషియన్ ఉన్నాడు, అప్పటికి వ్యాన్ దగ్గర సామాను సర్దుతున్నాడు. నేను మంచినీళ్ళకని కిందికి దిగేసరికి హాలు యజమాని రాఘవయ్య గారిని పట్టుకుని బతిమాలుతున్నాడు. "గెస్టులు పార్కింగ్‌లోకొచ్చేశారు సర్. చంటిపిల్లలున్నారు, ఏసీ లేకపోతే నా పరువు పోతుంది." రాఘవయ్య గారు నన్ను చూసి, "దిగేశావుగా అమ్మాయ్. కీ ఇటివ్వు, పవర్ ఇచ్చేద్దాం" అని చెయ్యి చాపారు.

అది క్లాసు కాదని ఆయన మొహం చూస్తేనే తెలిసింది. "నేనే తీస్తాను సర్. ఒకసారి పైకి చూసొస్తాను" అన్నాను. "పైన ఎవరున్నారమ్మా? నువ్విక్కడే ఉన్నావు" అన్నారు విసుగ్గా. నా మీద ఆయన విసుక్కోవడం అదే మొదటిసారి. "ఎవరూ లేరనుకుంటా సర్. అయినా చూసొస్తా." నిచ్చెన ఎక్కుతుంటే భయం వేసింది, ప్రమాదం ఉందని కాదు, పెద్దాయన మాట తోసేశానని. సీలింగ్ పలక జరిపి టార్చి వేశాను. కార్లోస్. స్టేజీ వెనక ఉన్న ఇంకో నిచ్చెన మీంచి నాకు సాయం చేద్దామని వచ్చాడట. పైకెక్కే ప్రతివాళ్ళూ బ్రేకర్‌కి ఎవరి తాళం వాళ్ళు వెయ్యాలి, ఒక్క నిమిషం పనే కదా అని అతను వెయ్యలేదు. రెండు చేతుల్లోనూ తోలు తీసిన రాగి తీగలున్నాయి. నన్ను చూసి నవ్వి, "ఆల్మోస్ట్ డన్" అన్నాడు.

ఆ గొంతు కిందికి వినిపించింది. రాఘవయ్య గారు పూలు కట్టిన కుర్చీలో కూలబడ్డారు. తిరిగి వస్తుంటే వ్యాన్‌లో, "నువ్విచ్చుంటే?" అన్నారు. "ఇవ్వలేదు కద సర్" అన్నాను. "నేను అడిగానమ్మా. ఇన్నేళ్ళు అందరికీ చెప్పి, నేనే అడిగాను." మరుసటి ఏడు క్లాసులో ఇదంతా తన నోటితోనే చెప్పి, అదే తన చివరి క్లాసు అన్నారు. మానెయ్యొద్దని మేము ఎంత చెప్పినా వినలేదు.

ఆయన పోయి కొన్నేళ్ళయింది. ఆయన మీద నా గౌరవం రవ్వంత కూడా తగ్గలేదు, అలాంటి మనిషి అడిగితే ఇచ్చేస్తానేమోనని నాకున్న భయమంతా దానివల్లే. అప్పుడప్పుడు కలలోకి వస్తారు. ఎంతో ఆప్యాయంగా, "ఇటివ్వమ్మా" అని చెయ్యి చాపుతారు. చాలాసార్లు ఇవ్వను. కొన్నిసార్లు ఇచ్చేస్తాను.