పిట్ట లేని టోపీ

అగ్నిమాపక కేంద్రం వెనక, తడిసిన గొట్టాలను ఆరబెట్టే బురుజు కింద ఒక పొడవాటి గది ఉంది. ఇరవై మూడేళ్ళుగా ఆ గదిలో కూర్చుని సిబ్బంది హెల్మెట్లు బాగుచేసే ఆవిడను అందరూ టోపీలక్క అంటారు. అక్కడ హెల్మెట్ అనే మాట కాగితాల మీదే ఉంటుంది. నోటితో అనేది టోపీ అనే. ‘మా అందరికీ టోపీ పెట్టి నిలకడగా జీతం తీసుకుంటున్న మనిషి ఈవిడొక్కతే’ అని కొత్తగా చేరినవాళ్ళకి ఆమెను పరిచయం చేస్తారు. ఆమె నవ్వదు. చేతిలో పని ఆపదు.

ఆ టోపీలు ఉడకబెట్టి గట్టిపరిచిన తోలువి. మెడ మీద నిప్పురవ్వలు పడకుండా వెనక వెడల్పాటి అంచు ఉంటుంది. నడినెత్తిన రెండు రివెట్లతో బిగించిన ఇత్తడి పిట్ట ఉంటుంది. రెక్కలు సగం విప్పి, ముక్కు ముందుకు చాపి, ఎవరినో పొడవబోతున్నట్టు ఉంటుందది. ఐదేళ్ళ సర్వీసు నిండితే గాని పిట్టను ఇవ్వరు. పిట్ట ఉన్నవాళ్ళే బండిలో ముందు సీట్లో కూర్చుంటారు, మంటలోకి ముందు వెళతారు. లేనివాళ్ళను బోడిగుండ్లంటారు. రెండేళ్ళ కిందట ఆఫీసు తేలికపాటి కొత్త హెల్మెట్లు కొని పంపింది. సిబ్బంది వాటికి బకెట్లని పేరు పెట్టి, ఆమె గదిలోని బీరువాలోకి తోశారు. అవి అట్టపెట్టెల్లోంచి బయటికి రానేలేదు.

పిట్టలు పోసింది ఆమె తండ్రి. ఆమెకంటే ముందు ఆ బల్ల ఆయనది. చిన్నప్పుడు అచ్చులో ఇసుక దట్టించిన చేతులు ఆమెవే. కాబట్టి పిట్ట మీద ఎవరైనా ఒక మాట అంటే ముందుగా ఆమెకే రోషం రావాలి. కిందటి వానాకాలం దాకా వచ్చేది కూడా.

ఆ వానాకాలం ఒక బట్టల గోదాములో నిప్పంటుకుంది. పొగలో ముందు నడిచినవాడు సిబ్బంది నాయకుడు మీసాలాయన. ఆమె కంటే తొమ్మిదేళ్ళు పెద్ద, ఆమెకు అన్న వరస. లోపల ఎక్కడో టోపీ ఊడిపోయింది, పైనుంచి కాలుతున్న చెక్క పడి ఎడమ చెవి సగం పోయింది. ఆయన మాత్రం టోపీయే కాపాడిందని చెప్పుకున్నాడు. ఆ టోపీ బాగుచెయ్యడానికి వచ్చినప్పుడు ఆమె దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. పిట్ట ముక్కుకి రాగి తీగ మూడు చుట్లు చుట్టుకుని ఉంది. గడ్డం కింద కట్టుకోవాల్సిన పట్టీ కొత్తదానిలా బిర్రుగా ఉంది. బక్కిల్ ముల్లు ఏ రంధ్రంలోనూ ఒక్కసారి కూడా దిగిన గుర్తు లేదు.

గోడకున్న మిగతా టోపీలన్నీ దించి చూసింది. దానితో కలిపి ఇరవై నాలుగింటిలోనూ పట్టీలు అలాగే ఉన్నాయి. పట్టీ కట్టుకోండని ఆఫీసు ఏటా నోటీసు అంటిస్తుంది, ఏటా అది ఊడి కిందపడుతుంది. ఎందుకు కట్టుకోరని అడిగినవాళ్ళు లేరు. ఆమె మీసాలాయన్నే అడిగింది.

‘కట్టుకుంటే చస్తాం,’ అన్నాడాయన, సంగతి అందరికీ తెలిసిందే అన్నట్టు. ‘పొగలో పిట్ట ఏ తీగకో చిక్కుకుంటుంది. పట్టీ ఉంటే మెడ పోద్ది. లేకపోతే టోపీ పోద్ది. టోపీ పోతే ఇంకోటి ఇస్తావుగా.’

ఆ మాట వారం రోజులు ఆమెను తిననివ్వలేదు. పిట్ట చిక్కుకుంటుందని పట్టీ వదిలేశారు, వాళ్ళని చూసి బోడిగుండ్లూ వదిలేశారు. పట్టీ లేదు కాబట్టి టోపీ తల మీద నిలవదు. నిలవని టోపీని ఆమె ఇరవై మూడేళ్ళుగా మెరుగు పెడుతోంది. స్టేషన్ ఆఫీసరు దగ్గరికి వెళ్ళి పిట్టలు తీసేద్దామంది. ఆయన ఇబ్బందిగా కదిలాడు. వాళ్ళ మనసు నొప్పించలేమన్నాడు, ఇంకో నోటీసు పెడదామన్నాడు. చివరికి, ‘అవి మీ నాన్నగారు చేసినవే కదమ్మా,’ అన్నాడు.

‘అందుకే చెప్తున్నాను సార్. తప్పు మా ఇంట్లోంచి వచ్చింది.’

నోటీసు అంటించారు. అది కూడా ఊడిపోయింది.

అదలా ఉండగా ఆమె కూతురికి సర్వీసులో ఐదేళ్ళు నిండాయి. ఆ కేంద్రంలో నిచ్చెన ఎక్కే ఆడపిల్ల తనొక్కతే. ఐదేళ్ళుగా బోడిగుండని పిలిపించుకుంటూ, మగవాళ్ళు మోసే గొట్టాల కంటే ఒకటి ఎక్కువే మోసింది. టోపీ తెచ్చి తల్లి బల్ల మీద పెట్టింది. పిట్ట పెట్టనని తల్లి చెప్పింది. రాగి తీగ సంగతీ పట్టీ సంగతీ వివరంగా చెప్పింది. కూతురు అంతా విన్నది.

‘పదకొండు మందికి ఉంది. వాళ్ళ తలలు తలలు కావా?’

‘వాళ్ళు నాకు పుట్టలేదు.’

‘అదే నేననేది. నువ్వు అమ్మగా ఆలోచిస్తున్నావు. ఇక్కడ నువ్వు అమ్మవి కాదు, టోపీలక్కవి. పెడితే అందరికీ పెట్టు, తీస్తే అందరికీ తియ్యి.’

మూడో రోజు ఇంట్లో కంచాలు కడుగుతూ ఆమె ఒప్పుకుంది, కూతురితో కాదు, తనలో తానే. పిల్ల చెప్పింది నిజం.

ఏడాదికోసారి ప్రతి టోపీనీ పరీక్షించి లోపల గుండ్రటి ముద్ర వెయ్యడం ఆమె పని. ముద్ర లేని టోపీతో మంటలోకి వెళ్ళకూడదని రూలు. ఆమె చేతిలో ఉన్న అధికారం అదొక్కటే, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దాన్ని వాడలేదు. ఆ ఏడాది ముద్రల వారం మొదటి రోజున గది తలుపు మీద బొగ్గుతో రాసింది: పిట్ట ఉన్న టోపీకి ముద్ర పడదు.

పదమూడు బోడి టోపీలకు ముద్ర పడింది. కూతురు తన టోపీ తీసుకుని, తల్లి ముఖం చూడకుండా వెళ్ళిపోయింది. పదకొండు పిట్టలు గోడకే ఉన్నాయి. బతిమాలినవాళ్ళు బతిమాలారు. ఒకాయన ‘అక్కా, పిట్టను కాస్త పడుకోబెట్టి బిగించరాదా, నిద్రపోతోందనుకుంటాం’ అన్నాడు. మీసాలాయన మాత్రం తలుపు దగ్గర నిలబడి, మీ నాన్న ఉంటే ఏమనేవాడో ఆలోచించుకోమన్నాడు. ఆలోచించానంది. అచ్చులో ఇసుక దట్టించిన చేతులే రంపం పట్టుకుంటే ఆయనకి అభ్యంతరం ఉండదంది. ఉన్నా పర్లేదంది.

గురువారం పొద్దున ఆఫీసరు స్వయంగా వచ్చాడు. ముద్ర వెయ్యకపోతే ఆ కుర్చీలో ఇంకొకరిని చూసుకోవాల్సి వస్తుందన్నాడు. ఆమె ముద్రనూ సిరా డబ్బానూ ఆయన ముందుకు జరిపింది.

‘మీరే వెయ్యండి సార్. పక్కన మీ పేరు రాసి సంతకం పెట్టండి. అందరి ఎదుటా పెట్టండి.’

ఆయన ముద్రను చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. అప్పుడే గంట మోగింది.

రంగుల గిడ్డంగిలో మంట. పదమూడు మంది క్షణాల్లో తయారయ్యారు. పదకొండు మంది గది ముందుకొచ్చి ఆఫీసరు వైపు చూశారు. ఆయన చేతిలో ముద్ర ఉంది, సిరా డబ్బా మూత తీసే ఉంది. ఆయన ముద్రను బల్ల మీద పెట్టేసి, కంపెనీ ముద్రతోనే వచ్చిన బకెట్లు తీసుకోమన్నాడు.

బయట కూతురు బండెక్కి ముందు సీట్లో కూర్చుంది. మీసాలాయన అది చూసి ఆగిపోయాడు.

‘కోడలా, అది పిట్ట సీటు. వెనక్కి పో.’

‘ఐదేళ్ళ సీటు, మామయ్యా. నాకు ఐదేళ్ళు నిండాయి.’ ఆమె పట్టీ లాగి బక్కిల్ బిగించింది. ‘దిగను.’

టోపీలక్క గుమ్మంలోంచి అది చూసింది. పిట్ట లేకపోతే ముందు సీటూ ఉండదని, పిల్ల ఇంకొన్నాళ్ళు వెనకే ఉంటుందని మనసులో ఎక్కడో తను అనుకుందని ఆమెకు ఆ క్షణంలోనే తెలిసింది. పట్టీ కట్టిన ఆ తల అందరికంటే ముందు పొగలోకి వెళ్ళబోతోంది. వెనక్కి పిలవడానికి నోరు తెరిచింది. పిలిస్తే తలుపు మీద రాసిందంతా అబద్ధమవుతుంది. నోరు మూసుకుంది.

మీసాలాయన గదిలోకి వచ్చి బీరువా తలుపు లాగాడు. అట్టపెట్టె చింపి ఒక బకెట్ తీసి తల మీద పెట్టుకున్నాడు. సగం చెవి కనిపించకుండా లోపలికి వెళ్ళిపోయింది. వెనకున్నవాళ్ళెవరూ నవ్వలేదు, వరసగా వచ్చి తలా ఒకటి తీసుకున్నారు. పోతూ పోతూ ఆయన గోడ మీది తన పాత టోపీని దించి ఆమె బల్ల మీద పెట్టాడు.

బండి వెళ్ళిపోయింది. ఆఫీసరు ఫోన్ దగ్గరికి నడిచాడు. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని, టోపీని బోర్లించి, రంపపు బ్లేడు చేతిలోకి తీసుకుంది. కొయ్యమని మీసాలాయన చెప్పలేదు. వద్దని కూడా చెప్పలేదు. వచ్చాక అడగొచ్చు. అడిగితే వద్దంటాడు.

ఆమె మొదటి రివెట్ మీద బ్లేడు ఆనించింది.