మూడు నిమిషాల వెల్మా

వెల్మా క్రేచెక్ మనిషి కాదని కంప్యూటర్ తేల్చేసింది. ఒకసారి కాదు, వరసగా మూడు నెలలు.

ముప్పయ్యొక్క ఏళ్లు బడి బస్సు నడిపింది వెల్మా. నెబ్రాస్కాలో మా ప్లమ్ బెండ్ బేస్‌బాల్ జట్టును చుట్టుపక్కల ఊళ్లన్నీ తిప్పిందీ ఆవిడే. వాన కురిసినా, ఇంజను మొరాయించినా, ఓడిపోయిన పిల్లలు వెనక సీట్లలో ముక్కు చీదుతున్నా, వేళకు తీసుకెళ్లింది, వేళకు ఇల్లు చేర్చింది. డెబ్బై దాటాక స్టీరింగ్ వదిలేసింది గానీ నోరు వదల్లేదు. ఊరి కౌన్సిల్ నెలనెలా పెట్టే సభలో జనం మనిషికి మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. వెల్మా ఒక్క నెలా మానలేదు. రోడ్ల గుంతలు, లైబ్రరీ వేళలు, అధ్యక్ష ఎన్నికలు, చివరికి పొరుగూరి అంపైర్ కంటిచూపు, ఆవిడ కడిగెయ్యని విషయం లేదు.

ఛైర్మన్ డ్వేన్ హోస్టెట్లర్‌కు అదంతా కడుపుమంట. ఈ వసంతంలో కొత్త పద్ధతి పెట్టాడు. సభలో మాట్లాడాలంటే ముందుగా కంప్యూటర్లో పేరు నమోదు చేసుకోవాలట. బేస్‌బాల్ మైదానాన్ని ధాన్యం కంపెనీకి గోదాముల కోసం అమ్మేద్దామన్న ప్రతిపాదన కూడా ఆ నెలలోనే పుట్టింది. రెంటికీ సంబంధం లేదన్నాడు డ్వేన్. నమ్మేవాళ్లు నమ్మండి.

వెల్మా లైబ్రరీకి వెళ్లి, ఒంటి వేలితో పొడిచి పొడిచి పేరూ ఊరూ కొట్టింది. అప్పుడా యంత్రం తొమ్మిది బొమ్మలు చూపించి, బస్సులున్నవి నొక్కి మనిషినని నిరూపించుకోమంది. వెల్మా నాలుగు నొక్కింది. తప్పంది. మళ్లీ నొక్కింది. మళ్లీ తప్పంది. ప్రతిసారీ ఎక్కడిదో ఒక వ్యానును తెచ్చి, అదీ బస్సేనని దాని మొండిపట్టు.

"అది వ్యాను! బస్సంటే ఏంటో నువ్వా నాకు చెప్పేది?" అని తెర మీద అరిచింది.

"అది కూడా నొక్కేస్తే పోతుందిగా, వెల్మాగారూ," అన్నాడు పక్క కుర్చీ పెద్దాయన.

"చచ్చినా నొక్కను. అబద్ధమాడి మనిషిననిపించుకోవాలా?"

అలా మూడు సభలు ఆవిడ నోరు విప్పకుండానే గడిచిపోయాయి. వచ్చే గురువారం ఓటింగు. కౌన్సిల్లో ఐదుగురుంటే ముగ్గురు అమ్మకానికే మొగ్గారు. చర్చిలు ఐదు, పార్టీలు రెండు ఉన్న ఊళ్లో అందరూ ఒకేచోట కూర్చునేది ఆ మైదానం బల్లల మీదే. అది పోతుందంటే వెల్మాకు గుండె రగిలిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం ఆట. ఆరో ఇన్నింగ్స్ ముగిసింది. వెల్మాకు రెండు వరసల కింద డ్వేన్, మార్జీన్, లైల్ ఒకే బల్ల మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నములుతూ పొట్టు తుఫ్ తుఫ్ మని ఉమ్ముతున్నారు. కౌన్సిల్లో అమ్మకానికి మొగ్గిన ఆ ముగ్గురూ వీళ్లే.

"గురువారం చటుక్కున తేల్చేద్దాం. మైదానం గొడవ వదిలిపోతుంది," అన్నాడు డ్వేన్.

"మరి ఆ ముసలావిడో?" అన్నాడు లైల్.

"ఆవిణ్ణి కంప్యూటరే ఆపేసిందిగా," అని మార్జీన్ కిసుక్కున నవ్వింది.

ముగ్గురు సభ్యులు ఒకచోట చేరి ఊరి వ్యవహారం మాట్లాడితే అది సభ కిందే లెక్క. మా కౌన్సిల్ తనకు తానే రాసుకున్న రూలది. చదివినవాళ్లు తక్కువ. వెల్మా చదివింది. మెల్లగా మెట్లు దిగి వాళ్లెదురుగా నిలబడింది.

"ఏం డ్వేన్, సభ మొదలుపెట్టారా?"

"సభేంటి వెల్మాగారూ? ఆట చూస్తున్నాం."

"మైదానం ముచ్చట నా చెవిన పడింది నాయనా. ముగ్గురున్నారు. మీ రూలే. నా మూడు నిమిషాలు నాకివ్వండి."

మార్జీన్ లేవబోయింది.

"కూర్చో తల్లీ. అప్పుడే ఎక్కడికి?"

చుట్టూ ఉన్నవాళ్లు ఆట మానేసి ఇటు తిరిగారు. ఎవరో ఈల వేశారు. మార్జీన్ కూర్చుంది.

"డ్వేన్, నీకు పన్నెండేళ్లప్పుడు, అదుగో అక్కడ, చేతిలో పడ్డ బంతి జారవిడిచి ఆట పోగొట్టావు. కూలబడి ఏడ్చావు. అప్పుడీ బల్లల మీద ఊరంతా లేచి నీకు చప్పట్లు కొట్టింది. ఇవాళ నీకు ఓటేసేవాడూ, ఓటెయ్యనివాడూ. ఓడినవాడికి చప్పట్లు కొట్టే చోటు ఈ ఊళ్లో ఇంకోటి చూపించు. అమ్మకం కాగితం మీద మొదటి సంతకం నాదే."

డ్వేన్ చెవులు ఎర్రబడ్డాయి. వెల్మా ఆగలేదు. ఎవరికీ చెప్పకుండా ఇక్కడే మాట కలుపుకున్నాక గురువారం ఓటు ఎలా చెల్లుతుందో, ఊరి లాయరునే అడుగుతానంది. డ్వేన్ గడియారం చూసుకున్నాడు.

"మూడు నిమిషాలైపోయాయి. సరే, గురువారం ఓటు వాయిదా. ఊరందరినీ పిలిచి అడుగుదాం. నమోదూ లేదు, గిమోదూ లేదు. ఇక చాలా?"

"వాయిదా వేశావు, సంతోషం. కానీ మూడు నెలలు నా నోరు మూయించావు. నెలకు మూడు నిమిషాలు, మొత్తం తొమ్మిది. నాకింకా ఆరు నిమిషాలున్నాయి. గింజలు పక్కన పెట్టి విను."

డ్వేన్ పొట్లం పక్కన పెట్టాడు.