మేడం రిపోర్టు

మా కంప్యూటర్ మేడం పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను బంగారుపేట స్టేషన్‌లో ఉన్నాను. ఎక్కాల్సిన రైలు వచ్చి వెళ్లిపోయింది. సాయంత్రం కేజీఎఫ్‌లో ఆమె ఇంటి ముందు నిలబడితే, వచ్చినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "ఆయమ్మకి ఏం జబ్బప్పా?" తెలీదన్నాను. నిజంగానే తెలీదు. ఎవరూ నమ్మలేదు.

ఆమె దగ్గరే పని నేర్చుకుని, ఆమె దగ్గరే పనిలో చేరినవాణ్ణి. బజారులోని బట్టల కొట్ల, కిరాణా కొట్ల వెబ్‌సైట్లు మేమే చూసుకునేవాళ్లం. సైటుకు కొత్త ప్లగిన్, అంటే ఇంకెవరో రాసిన చిన్న ప్రోగ్రామ్ తగిలించిన ప్రతిసారీ, మేడం మామూలు కస్టమర్‌గా లాగిన్ అయి, యజమాని మాత్రమే చేయాల్సిన పనులు చేసి చూసేవారు. చాలాసార్లు అవి జరిగిపోయేవి! ఒక కొట్లో చీరల ధరలే మార్చేశారు. తర్వాత తల పట్టుకుని కూర్చునేవారు.

"లోపలికొచ్చినోడు ఎవరని అడగతారు. ఈ పని చేసే హక్కు వాడికి ఉండాదా అని యాడా అడగరు. ఎన్నిసార్లని చెప్పేదప్పా?"

విసుక్కుంటూనే ప్లగిన్ రాసినవాళ్లకు మర్యాదగా మెయిల్ పెట్టేవారు. జవాబు వస్తే మాకు పండగే.

మేము చూసే సైట్లలో ఒక రక్తపరీక్షల ల్యాబుది కూడా ఉంది. రోగులు ఇంటి నుంచే రిపోర్టులు చూసుకునే ప్లగిన్ అందులో ఉంది. మేడం కూడా అక్కడే పరీక్షలు చేయించుకుంటున్నారు. ఒకరోజు నన్ను నా రోగి అకౌంట్‌తో లాగిన్ అవ్వమని, తన రిపోర్టు నంబరు కొడుతూ, "నువ్వు గోడ పక్కకి తిరుగప్పా" అన్నారు. తిరిగాను. వెనక ఎంటర్ నొక్కిన చప్పుడు వినిపించింది.

"తెరుచుకునింది" అన్నారు మేడం. ఆ గొంతు తలుచుకుంటే ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

ప్లగిన్ తీసేద్దామని ల్యాబు యజమానిని అడిగాం. "అందరూ మన ఊరోళ్లే కదమ్మా, ఎవరు చూస్తారు?" అన్నాడు.

"మన ఊరోళ్లే సార్ చూసేది. యాడనో ఉండేటోడికి నా జబ్బుతో ఏం పని?"

ఆయన నవ్వి, చూద్దామన్నాడు. మెట్లు ఆగి ఆగి దిగుతూ "ఇంగ ఓపిక లేదప్పా" అన్నారు మేడం. అయినా ప్లగిన్ వాళ్లకు రాస్తూనే ఉన్నారు. ఆస్పత్రి మంచం మీద నుంచి కూడా రాశారు. నాకు మాత్రం ఒక మాట చెప్పారు: "వాళ్లు సరిచేసినాక, చూసేదానికి ఇంకొకరి రిపోర్టు ముట్టొద్దు. నాదే పెట్టుకో."

ఆమె కర్మలు అయిపోయాక ప్లగిన్ కొత్త వెర్షన్ వచ్చింది. ఎక్కించాను. నా అకౌంట్‌తో లోపలికి వెళ్లి, మేడం రిపోర్టు నంబరు కొట్టి ఆగాను. వాళ్లు సరిగ్గా చేయకపోయుంటే, ఆమె ఎవరికీ చెప్పుకోనిది ఇప్పుడు నా కళ్లబడుతుంది. ఎంటర్ నొక్కాను.

తెల్లటి పేజీ మీద ఒక్క వాక్యం వచ్చింది. "ఈ రిపోర్టు చూడటానికి మీకు అనుమతి లేదు."

ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే ఇంకోసారి నొక్కాను. మళ్లీ అదే వాక్యం.