వీపు మీద చెవి

మా నాన్న హిందీవాళ్ల ఊళ్లో ప్లాంటులో ఫిట్టర్. నడుస్తున్న మెషీను బేరింగ్ మీద స్క్రూడ్రైవర్ కొన ఆనించి, పిడికి చెవి పెట్టి, లోపల రోగమేమిటో చెప్పేవాడు. చప్పుడు తేడాగా ఉంటే మెషీను ఆపించాలి. ఆయనకు తెలిసిన వైద్యం అదొక్కటే.

చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే చూసిన డాక్టరు, గుండెలో టిక్‌మని చిన్న చప్పుడుందన్నాడు. మైట్రల్ వాల్వు కాస్త వెనక్కి జారుతోందట. చాలామందికి ఉండేదేనట, పిల్లని మామూలుగా తిరగనివ్వమన్నాడు. నాన్నకి అందులో చప్పుడన్న మాట ఒక్కటే వినపడింది.

అప్పటినుంచి డ్యూటీ దిగి రాగానే సైకిలుకి స్టాండు వేసి, చేతులు కడుక్కుని, టీ అయినా తాగకుండా నన్ను పిలిచేవాడు. నేను జడ ముందుకేసుకుని, వెనక్కి తిరిగి నిలబడాలి. అమ్మ వంటింట్లో మిక్సీ ఆపేది. వీపు మీద ఎడమ పక్కన ఆయన చెవి వెచ్చగా తగిలేది. గ్రీజు వాసన. విన్నంతసేపూ ఇద్దరం ఊపిరి బిగబట్టేవాళ్లం.

"ఈయేలకి బాగానే ఉన్నాది," అనేవాడు చివరికి.

ఆ మాటతో అమ్మ మిక్సీ మళ్లీ తిరిగేది. నాకు మాత్రం రేపటి భయం అప్పుడే మొదలయ్యేది.

మా ప్లాంటు క్వార్టర్లుండే సెక్టర్ 6లో నా ఈడు ఆడపిల్లలు సైకిళ్ల మీద బడికి రయ్యిమని పోతుంటే, నేను నాన్న వెనక క్యారియర్ మీద మూటలా కూర్చుని వెళ్లేదాన్ని. ఖోఖో వద్దు, మెట్లు వద్దు. నవరాత్రుల్లో అందరూ దాండియా ఆడుతుంటే వాళ్ల చెప్పులకి కాపలా. అది ప్రేమ కాదని అనలేను. అంత ప్రేమని మోయడం నా వల్ల కాలేదు, అంతే.

నాన్న పోయాడు. ఆ చెవి పోలేదు. మధ్యాహ్నం ఎడమవైపు ఒత్తిగిల్లి పడుకుంటే గుండె టిక్‌మంటుంది, వెంటనే వీపు మీద వెచ్చగా ఆనుతుంది. గ్రీజు వాసన వస్తుంది. ఇంట్లో గ్రీజెక్కడిది? లేచి కూర్చుంటాను. మిక్సీ వేయబోతే ఎవరో వద్దన్నట్టు చెయ్యి ఆగిపోతుంది.

గుండెదడ ఎక్కువైతే ఒక డాక్టరమ్మ ఎకో తీసి తెర మీద చూపించింది. వాల్వు రెక్క మూసుకునేటప్పుడు కాస్త వెనక్కి ఉబ్బుతోంది, ఆ చప్పుడు దానిదే. రక్తం వెనక్కి కారడం నామమాత్రం. టీ తగ్గించి, నీళ్లు బాగా తాగి, రోజూ నడవమంది. చెప్పినప్పుడల్లా వచ్చి చూపించుకోమంది. పరిగెత్తొద్దని మీకెవరు చెప్పారని హిందీలో అడిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. పోయినవాళ్ల మీద కోపం ఎక్కడ తీర్చుకోవాలి?

నడక మొదలుపెట్టాను. దడ వస్తే కాసేపు ఆగి, తగ్గాక మళ్లీ నడుస్తాను. బాగానే బతుకుతున్నాను. వెనక ఆయన కూడా నడుస్తూనే ఉంటాడు.

కిందటేడు మా అమ్మాయికీ అదే ఉందని తేలింది. అదే డాక్టరమ్మ అన్నీ పరీక్షించి, నిక్షేపంగా పరిగెత్తవచ్చంది. పిల్ల బడిలో పరుగుపందేనికి పేరిచ్చింది. నేను సరేనన్నాను. కానీ ప్రాక్టీసుకి పంపేముందు రోజూ దాని వీపు మీద చెవి పెట్టడం మొదలుపెట్టాను. ఊరికే, ఒక్కసారి, అనుకుంటూ.

పందెం రోజు పొద్దున్న మిక్సీ ఆపి వచ్చాను. పిలవకముందే పిల్ల జడ ముందుకేసుకుని, వెనక్కి తిరిగి, ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. చెవి ఆనించాను. టిక్. నా నోట్లోంచి నాన్న మాట ఊడిపడింది.

"ఈయేలకి బాగానే ఉన్నాది."

పిల్ల గిర్రున ఇటు తిరిగింది. "ఈయేలకేనా మమ్మీ? ఔర్ రేపు?"

నేను నాన్నని ఎన్నడూ అడగలేకపోయిన ప్రశ్న. ఆ గదిలో మూడో మనిషి కూడా ఉన్నాడని, నా జవాబు కోసం చెవి ఒగ్గి ఉన్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

"జడ వెనక్కేసుకోవే," అన్నాను. "డాక్టరమ్మ విన్నాది, చాలు. నేనింక విన్ను. ఎళ్లి బూట్లు కట్టుకో."

అది బూట్లు కట్టుకుంటుంటే వంటింట్లోకి వెళ్లి మిక్సీ వేశాను. వీపు మీద వెచ్చగా ఆనింది. నేను ఆపలేదు.