మార్చి దాకా అంచనా

మార్కాపురంలో ఇంటి దగ్గరే కంప్యూటర్ మీద ఇళ్ల ప్లాన్లు గీసిచ్చేదాన్ని. నెల జీతం కాదు కాబట్టి, ఏడాది సంపాదన ఎంతో అంచనా వేసుకొని ఆదాయపు పన్ను ముందుగానే వాయిదాల్లో కట్టాలి. డిసెంబరు వాయిదా కోసం మా ఆయనతో కలిసి ఆడిటర్ దగ్గరికి వెళ్లాను.

"అక్కా, మార్చి దాకా ఇంకెంత రావచ్చు? పోయినేడు మాదిరే వేసుకుందామా?" అని ఆడిటర్ అడిగాడు.

"వద్దు తమ్ముడూ. ఇంకేమీ రాదనుకొని వెయ్యి," అన్నాను.

మా ఆయన చటుక్కున నా వైపు తిరిగాడు. "అదేంది? గిద్దలూరు పనులు రెండు చేతిలో ఉండాయి కదా!"

వానాకాలం నుంచీ నా కుడికంటికి కంప్యూటర్ తెర మీది సన్నగీతలు వంకరగా కనిపిస్తున్నాయి. అద్దాలు మార్చినా తేడా లేదు. డాక్టరు ఏం చెబుతాడోనన్న భయంతో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రాని ఆదాయానికి పన్ను కట్టలేక అక్కడ నోరు విప్పాను.

"నాకు గీతలు సరిగ్గా కనపడటం లేదు."

 ఆడిటర్ అప్పటిదాకా వచ్చినదాని మీదే లెక్క కట్టి, "పని మళ్లా మొదలైతే మార్చి వాయిదాలో సరిచేసుకోవచ్చులే అక్కా," అన్నాడు.

మెట్లు దిగుతుంటే మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఇన్నాళ్లూ నాకు చెప్పాలనిపించలేదా?" అన్నాడు. గొంతులో కోపమే ఉంది.

గిద్దలూరు పనులు వేరేవాళ్లకు అప్పగించి ఒంగోలు కంటి ఆసుపత్రికి వెళ్లాం. ఇప్పుడు కంట్లోకి ఇంజెక్షన్లు ఇస్తున్నారు. పోయిన చూపు వస్తుందని డాక్టరు అనడం లేదు, ఉన్నది నిలబెడదామంటున్నాడు. ఒంగోలు బస్సెక్కిన ప్రతిసారీ భయం వేస్తూనే ఉంటుంది.